గేటు పక్క వంతు

డింగిల్ అడవి అమ్మకానికి వచ్చిన ఏడాదే, దాన్ని గేటు దగ్గర మొదలంటా నరికి పెట్టాను నేను. కావాలని చేసిన పని కాదు. ఆ చలికాలం ఆ పక్క వంతు వచ్చింది, నరికాను, అంతే. మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "హెస్టరా? అమ్మో, మహా గడుసుది. ధర పడిపోవాలని ముందే ఏర్పాటు చేసుకుంది," అని నవ్వుతారు. అంత గడుసుదాన్నే అయితే ముప్పై ఏళ్ళుగా తడికలు అల్లుకుంటూ ఎందుకు బతుకుతాను?

అడవి అంటే మరీ పెద్దదేమీ కాదు, ఐదెకరాలు. వేల్స్ కొండలకి ఇవతల, మా హెరెఫర్డ్‌షైర్ పల్లెకి మైలు దూరంలో, వాగు ఒడ్డున పల్లంలో ఉంటుంది. ఎవరూ నాటింది కాదు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నది. పైన ఓక్ చెట్లు, వాటి కింద హేజెల్ పొదలు. ఆ హేజెల్‌తోనే నా బతుకు. దాన్ని నేల దాకా నరికితే మోడులోంచి పిలకలు నిటారుగా లేస్తాయి. ఏడెనిమిదేళ్ళకి అవి తడికలకి సరిపడా లావెక్కుతాయి. వాటిని నిలువునా చీల్చి అల్లుతాను. గొర్రెల దొడ్లకీ పెరటి తోటలకీ కొనుక్కుంటారు. అందుకని అడవిని ఎనిమిది వంతులు చేసుకున్నాను. చలికాలానికి ఒక వంతు నరుకుతాను. ఎనిమిదోది అయ్యేసరికి మొదటిది మళ్ళీ కత్తికి తయారుగా ఉంటుంది. అలా మూడు చుట్లు పూర్తయి నాలుగోది నడుస్తోంది.

అడవి మిస్ గ్విలియమ్‌ది. ఆవిడా నేనూ ఏనాడూ కాగితం రాసుకోలేదు. ఏటా మార్చిలో ఆవిడ పెరట్లో చిక్కుడు పందిరికి కావలసిన కర్రలు నేను దింపాలి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి, "పోయినేటివే బాగున్నాయి," అనాలి. ముప్పై ఏళ్ళూ అదే మా ఒప్పందం. జనవరిలో ఆవిడ ఎనభై తొమ్మిదో ఏట పోయింది. ఫిబ్రవరిలో లండన్ నుంచి ఆవిడ మేనల్లుడి ఉత్తరం వచ్చింది. అడవిని అమ్మేస్తున్నాడట. కావలసినవాళ్ళు తమ ధర కవర్లో పెట్టి అంటించి ఇవ్వాలి. ఏప్రిల్ పదో తారీకు మధ్యాహ్నం పన్నెండింటికి కవర్లు విప్పుతారు. ఎక్కువ రాసినవాళ్ళకి అడవి.

వేరేవాళ్ళు కొంటే నన్ను ఎందుకు రానిస్తారు? పని పోతుందన్నది ఒక్కటే అయితే అంత బాధపడేదాన్ని కాదు. ఆ అడవిలో ప్రతి మోడూ నాకు తెలుసు. ఏది వంకరగా పెరుగుతుందో, ఏ మోడు కింద కప్పలు నిద్రపోతాయో తెలుసు. అవన్నీ ఇంకొకరి పాలైపోతాయనుకుంటే అన్నం సహించేది కాదు.

మార్చిలో మేనల్లుడు చూడడానికి వచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఎదురుగా అరెకరం పైగా మోడులే. వాటి చుట్టూ జింకలు రాకుండా నేను ఎండు కొమ్మలతో పేర్చిన దడి. కింద బురద.

"ఏం చేశారండీ ఇది? అత్తయ్య పోయి రెండు నెలలైనా కాలేదు, శుభ్రంగా గొరిగిపెట్టారే! దీన్ని చూసి ఎవడు కొంటాడు?"

"వంతు వచ్చింది, నరికానండీ."

"వంతేమిటండీ, వంతు!" అంటూ కారెక్కి పోయాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన క్లెమ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన పాల లారీ నడుపుతాడు. నవ్వడానికి ఏదో ఒకటి దొరికితే వదలడు.

"మన పంట పండిందే పిచ్చిమొహమా! కొనడానికి వచ్చే పట్నంవాళ్ళకి ఇవన్నీ తెలుసా? గేటు దగ్గర ఆ మోడులు చూసి, అడవి చచ్చిందనుకుని అట్నుంచటే పోతారు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్కటే. నోరు మూసుకుని తడికలు అల్లుకో."

"అడిగితే?"

"అడిగితే ఎండలు ముదిరాయో, వానలు ముదిరాయో మాట్లాడు. పదో తారీకు దాకా ఆ నోటికి తాళం వెయ్యి. ముప్పై ఏళ్ళలో నేను నిన్ను అడిగింది ఇదొక్కటేనే."

అది అబద్ధం, చాలానే అడిగాడు. అయినా ఒప్పుకున్నాను. ఉన్నదంతా ఊడ్చి, చివర్లో పదిహేడు పౌన్లు కలిపి, ధర రాసుకున్నాం. ఇంకొకడు మనంతే రాస్తే ఆ పదిహేడూ మనల్ని గట్టెక్కిస్తాయని మా వైపు అందరూ అలాగే చేస్తారు. కవరు వేస్తున్నామని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చెప్పరు కూడా. మా దగ్గర ఒకణ్ణి ఏ జబ్బుకి మందులు వాడుతున్నావని అయినా అడగొచ్చు గానీ, కవరు వేస్తున్నావా అని అడగకూడదు.

తర్వాత రెండు వారాలూ నేను గేటు పక్కనే కూర్చుని అల్లుతూ ఉంటే, మనుషులు వచ్చి చూసి పోయేవాళ్ళు. క్లెమ్ చెప్పినట్టే జరిగింది. కొత్త బూట్లు వేసుకున్న జంట ఒకటి, "అయ్యో, ఎవరండీ ఈ రాక్షసులు?" అని పోయింది. రాక్షసి వాళ్ళ ఎదురుగానే కూర్చుని ఉంది. ఇంకొకాయన ఇక్కడ కారు వెనక లాక్కొచ్చే బండి ఇల్లు పెట్టుకోవచ్చా అని కొలిచి, నీడ లేదని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. గేటు దాటి యాభై అడుగులు వేస్తే పోయినేడు నరికిన వంతు కనిపిస్తుంది. ఒక్క వేసవికే ఛాతీ దాకా పెరిగిన పిలకలు కనిపిస్తాయి. ఒక్కడూ బురదలో కాలు పెట్టలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఏప్రిల్ ఆరో తారీకున ఒక ముసలాయన బస్సు దిగి, దారంతా నడిచి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన కోటు. గేటు తీసుకుని నేరుగా లోపలికొచ్చేశాడు. బూట్లు బురదలో దిగబడ్డా పట్టించుకోలేదు. మోడుల మధ్య అటూ ఇటూ చూసి, ఒకదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నరికిన చోట అరచెయ్యి పెట్టాడు.

"ఆలస్యంగా వచ్చాను తల్లీ," అన్నాడు. నాతో కాదు, మోడుతో.

నేను తల వంచుకుని అల్లుతున్నాను. ఆయనే పలకరించాడు. పేరు ఆంబ్రోస్ హింక్లీ. బర్మింగ్‌హామ్‌లో నలభై ఏళ్ళు బస్సు నడిపాడట.

"మా ఆవిడా నేనూ వసంతకాలంలో ఆదివారాలు అడవులకి వెళ్ళేవాళ్ళమమ్మా. నీలిపూలు చూడ్డానికి. ప్రతిచోటా బోర్డే, లోపలికి రాకూడదని. ఎవడో ఒకడు వచ్చి తరిమేసేవాడు. 'ఆంబ్రోస్, ఎవరూ పొమ్మనని అడవి ఒకటి కొనిపెట్టవయ్యా,' అనేది. డబ్బు కూడేసరికి ఆవిడ లేదు." మళ్ళీ మోడు వైపు తిరిగాడు. "ఇదొక్కటే నాకు అందేలా ఉంది. ఇదేమో చచ్చిపోయింది, పాపం."

నోటికి తాళం వేసుకున్నానన్నాను కదా, అది అక్కడే ఊడిపోయింది.

"చచ్చిందా? ఎవడన్నాడండీ చచ్చిందని? కళ్ళజోడు సరిగ్గా పెట్టుకుని చూడండి!" అని లేచి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని మోడు పక్కన తడిమించాను. బెరడు మీద కందిగింజంత మొగ్గ, ఎర్రగా. "ఇది నేను నరికాను. నరికితేనే బతుకుతుంది. వదిలేస్తే ముసలిదై విరిగి పడిపోతుంది. ఈ మోడుల్లో మీ తాత కన్నా పెద్దవి ఉన్నాయి, తెలుసా? రండి, ఇటు రండి!"

లాక్కుపోయాను. పోయినేటి వంతు చూపించాను, అంతకుముందటిదీ చూపించాను. వెలుగు పడగానే నేలంతా పసుపుపచ్చ పూలు ఎలా లేచాయో చూపించాను. నీలిపూల మొక్కలు అప్పటికే జానెడు ఆకులు వేసి ఉన్నాయి. వచ్చే ఏడు గేటు పక్కన ఇంకా ఒత్తుగా పూస్తాయని చెప్పాను. ఎనిమిది వంతుల సంగతీ, జింకల దడి సంగతీ అన్నీ చెప్పాను. గంట సేపు ఆగకుండా మాట్లాడాను. ఆయన ముఖం చూస్తే ఎవరైనా అలాగే మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి, బస్సు కోసం దాదాపు పరుగెత్తాడు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. 

రాత్రి భోజనాల దగ్గర క్లెమ్‌కి చెప్పాను. ఫోర్కు పక్కన పెట్టి నన్నే చూశాడు.

"నాలుగు రోజులు. నాలుగంటే నాలుగు రోజులు ఆగలేకపోయావు."

"చచ్చిందన్నాడు క్లెమ్."

"అననీయవే! అంటే పోయేదేముంది?"

అంటూనే బంగాళాదుంపలు నా కంచంలోకి ఇంకో రెండు తోశాడు. అరిచి ఉంటే బాగుండేది.

పదో తారీకున మధ్యాహ్నం రెండింటికి ఫోను వచ్చింది. మాది రెండో ధరట. మొదటిది బర్మింగ్‌హామ్ పెద్దమనిషిదట. "చాలా దగ్గరగా వచ్చారు," అన్నాడు అమ్మకం చూసే ఏజెంటు, ఓదార్పుగా. దగ్గరగా వస్తే అడవిలో దగ్గరగా ఉన్న కొమ్మ ఒక్కటైనా ఇస్తారా? ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు ఏడ్చాను. ఆంబ్రోస్ మీద కోపం, నా నోటి మీద అంతకన్నా కోపం. చేతులారా పోగొట్టుకున్నాను.

రెండు వారాలకి సామాను తెచ్చుకుందామని వెళ్ళాను. వంకీ కత్తులు రెండు, తడికలల్లే దుంగ ఒకటి. గేటు దగ్గర ఆంబ్రోస్ మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"రామ్మా, నీ కోసమే. మూడు రోజులుగా వస్తున్నాను. వంకీ కత్తి ఇక్కడుంది, మనిషి ఎప్పటికైనా వస్తుందనుకున్నాను." టీ పోసి ఇచ్చాడు. "వచ్చే చలికాలం ఏ వంతు నరుకుతున్నావు?"

"నేనెందుకు నరుకుతాను? అడవి మీది."

"అదేమిటి? అడవి నాదైతే పని నీది కాదా? నీతోపాటే వస్తుందనుకునే కొన్నాను."

"నేనూ కవరు వేశానండీ." కప్పులోకి చూస్తూ అన్నాను. "రెండో ధర నాదే."

ఆయన కప్పు కింద పెట్టాడు.

"మరి ఆవేళ ఒక్క మాట చెప్పలేదేం?"

"ఎలా చెబుతాను? ఎవరైనా చెబుతారా? మీరు చెప్పారా?"

"నేనూ చెప్పలేదు," అన్నాడు నెమ్మదిగా. "అలా చెప్పకూడదు కదా." నావైపు తిరిగి, "నేను గెలుస్తానని తెలిసి తెలిసి ఆ మొగ్గ చూపించావా నాకు?" అని అడిగాడు.

"తెలిసి కాదు. కోపం వచ్చి."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గుపడుతూనే నవ్వాను.

"ఇంకా సంతకాలు కాలేదు," అన్నాడు చివరికి. "ఐదెకరాలు నేనేం చేసుకుంటాను చెప్పు? మా ఆవిడ అడిగింది ఎవరూ పొమ్మనని చోటు. నీ దగ్గరున్నది నువ్వు పెట్టు. తక్కువ పడింది నేను పెడతాను. ఆ మేనల్లుడికి రావలసింది వాడికి వస్తుంది. ఎనిమిది వంతుల్లో ఒకటి నా పేర, ఏడు నీ పేర. ఇది నాకివ్వు, గేటు పక్కది."

నాకు నోట మాట రాలేదు. క్లెమ్ ఉంటే ఇన్నాళ్ళకి తాళం పడిందని అనేవాడు.

ఆయన లేచి, ఆవేళ చెయ్యి పెట్టిన మోడు దగ్గరికే వెళ్ళి వంగాడు. కందిగింజలు విచ్చుకున్నాయి. ముడతలు పడిన లేత ఆకులు, వాటి మీద నూగు. వేలితో ఒక దాన్ని ముట్టుకుని, "ఇది మళ్ళీ కత్తికి ఎప్పుడొస్తుందన్నావు?" అన్నాడు.

"ఎనిమిదేళ్ళకి."

వేళ్ళు మడుచుకుంటూ లెక్క వేసుకున్నాడు. నాకు భయం వేసింది, ఎందుకు చెప్పానా అని.

"అప్పటికి నాకు డెబ్బై తొమ్మిది," అన్నాడు. "ఫరవాలేదు. ఆ వంకీ కత్తి ఇలా ఇయ్యి. నా వంతు నేనే నరుక్కోవాలి కదా, ఇప్పట్నుంచీ నేర్చుకుంటే గానీ అప్పటికి రాదు."

రెండు కత్తుల్లో తేలికైనది తీసి ఆయనకిచ్చాను. పట్టుకోవడం పూర్తిగా తప్పు. గట్టిగానే కేకలేశాను.