గోడ మీద అమ్మమ్మలు

"మళ్ళీ కుంచెలు స్నానాల గదిలోనే కడుగుతున్నావా?" అంది మా అత్త యూడోరా. "బొమ్మలేయించడానికి ఇంత చాకిరీయా తల్లీ!"

బడిలో చిత్రలేఖనానికి గది లేదు. తోపుడు బండి మీద రంగులు పెట్టుకుని తరగతి తరగతికీ తిరుగుతాను. కడగాల్సినవన్నీ ఇంటికే తెచ్చుకుంటాను. టీచర్లలో నల్లమనిషిని నేనొక్కదాన్నే. ఏ నల్లపిల్లలు కొట్లాడుకున్నా పాఠం మధ్యలో నాకు కబురొస్తుంది. "మీ మాటైతే వింటారు, మిసెస్ ప్రూట్." పదహారేళ్ళుగా వింటూనే ఉన్నాం, వాళ్ళూ నేనూ.

అక్టోబరులో ఐదో తరగతి పిల్లల చేత ఇంట్లో పెద్దావిడల ముఖాలు గీయించాను. మన ఒంటి రంగు ఏ సీసాలోనూ రాదని, ఎరుపూ పసుపూ నీలమూ కలిపి చూపించాను. జొవెల్ అనే పిల్ల వాళ్ళ తాతమ్మని ఇద్దరు పోలీసుల మధ్య గీసింది.

"నల్లవాళ్ళని రానివ్వని తెల్లవాళ్ళ హోటల్లో కూర్చుని కాఫీ అడిగిందంట టీచర్. ఈడ్చుకెళ్ళారంట. గౌను నలిగిపోయిందని ఇప్పటికీ తిడతది."

బొమ్మలన్నీ బడి గోడకి అంటించాను. మర్నాడు ఆ బొమ్మ లేదు. ఆ మర్నాడు ఇంకో రెండు లేవు. ఎవరినడిగినా తెలియదన్నారు. ఆ వారమే ఒకావిడ వచ్చి నా తరగతి వెనక కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది. పేరడిగితే నవ్వి ఊరుకుంది. పిల్లలు గుసగుసలు మానేశారు. నేనూ ప్రతి మాటా లోపల ఒకసారి అనుకుని చూసుకుని, అప్పుడు పైకి అంటున్నాను.

మా ఆయన డెల్‌రాయ్‌కి చెబితే పేపర్లోంచి తలెత్తలేదు. "బొమ్మలే కదే! పింఛను వచ్చేదాకా ఇంకో నాలుగేళ్ళు తల వంచుకో. ఇంట్లోకి తేకు ఇదంతా."

శుక్రవారం ప్రిన్సిపాల్ డ్రెస్లర్ పిలిపించాడు. తలుపు తనే మూశాడు.

"నిన్న ఎవరో ఫిర్యాదు చేశారు. మీ మంచికే చెబుతున్నా, చిన్న సంతకం."

బల్ల మీది కాగితంలో, పిల్లల వయసుకు తగని బొమ్మలు వేయించానని ఒప్పుకుంటూ, నా అంతట నేనే ఉద్యోగం మానుకుంటున్నట్టు రాసి ఉంది. కలం నా వైపు జరిపాడు. పట్టుకున్నాను కూడా. తేదీ వేద్దామని చూస్తే, పైన అచ్చు వేసే ఉంది. జూలై ఇరవై ఒకటి.

జూలైలో వేసవి సెలవులు, బడి తెరవనే లేదు. ఒక్క పిల్లా కుంచె ముట్టలేదు.

కలం బల్ల మీద పెట్టి, కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను.

"అది ఇక్కడే ఉండాలి, మిసెస్ ప్రూట్." ఆయన లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "బాగా ఆలోచించుకోండి."

"మీరు జూలైలోనే ఆలోచించేశారు కదండీ. తప్పుకోండి."

తప్పుకున్నాడు. సోమవారం నుంచి నాకక్కడ పని ఉండదని ఇద్దరికీ తెలుసు. మంగళవారం బడిని నడిపే బోర్డు సభలో, ఊరి జనమంతా వింటుండగా, ఆ కాగితం తేదీతో సహా చదవబోతున్నానని మాత్రం నాకొక్కదానికే తెలుసు.