తొర్రలో మూడు నెలలు

ఐదు రోజులకి పదిహేను డబ్బాలు. ఒక్కో మూత మీద తెల్ల స్టిక్కరు అంటించి తేదీ, పూట, ఎంతసేపు వేడి చేయాలి, ఎవరికి, అన్నీ రాశాను. కారం లేనివి అత్తయ్యకి, ఉప్పు తక్కువవి మా ఆయనకి, రెండూ దండిగా ఉన్నవి మా అబ్బాయికి. ఇరవై ఏళ్లుగా రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నదాన్ని, స్టిక్కరు లేని డబ్బాని చూస్తే నాకు చేతులు ఊరుకోవు. అన్నీ డీప్ ఫ్రిజ్‌లో పేర్చి తలుపు మూసేసరికి నడుం పట్టేసింది. సెలవు మీద వెళ్లాలంటే ముందు ఇంత అలసిపోవాలని నాకు తెలియదు.

మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చూడటం కూడా సాయం చేయడమేనని ఆయన నమ్మకం. "డబ్బాలకే ఇంత ప్లాన్ వేశావు కదా, మీ అమ్మని ఎప్పుడు అడగాలో, ఎలా అడగాలో అది కూడా ప్లాన్ చేసుకో," అన్నాడు. "బాగా తిప్పు. సంతోషంగా ఉన్నప్పుడు చూసి అడుగు. ఆవిడ కాదనదు."

సంగతేమిటంటే, ల్యాబులో ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది, నాకిస్తామన్నారు. ఇది మూడోసారి. మొదటిసారి అత్తయ్యకి మోకాలి ఆపరేషన్, వద్దన్నాను. రెండోసారి అబ్బాయి పదో తరగతి పరీక్షలు, వద్దన్నాను. ఈసారి కూడా వద్దంటే, సూది పట్టుకోవడం నేను నేర్పిన పిల్ల నా మీద ఇన్‌ఛార్జి అవుతుంది. సోమవారానికల్లా జవాబు చెప్పాలి. డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. "తీసుకో, నాకేం అభ్యంతరం?" అన్నాడు మా ఆయన ఎంతో ఉదారంగా. "ఇంట్లో పని ఆగకుండా చూసుకో, చాలు." ఆగకుండా చూసే మనిషిని కూడా ఆయనే కనిపెట్టాడు. మా అమ్మ. అరవై ఎనిమిదేళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక వేరే ఊళ్లో రెండు గదుల వాటాలో ఉంటోంది. "ఒక్కతే ఉండి ఏం చేస్తుంది పాపం! ఇక్కడుంటే ఆవిడకీ కాలక్షేపం," అంది అత్తయ్య. ఆ పాపం అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. మండినా నోరు మెదపలేదు. ఎందుకంటే ఆయన అనకముందే, వాళ్లెవరూ అనకముందే, ఆ ఆలోచన నాకొచ్చింది. సిగ్గుపడి లోపల పెట్టుకున్నానంతే. ఈ ప్రయాణం అమ్మకి నేనిస్తున్న బహుమతి అని అందరికీ చెప్పాను. అది లంచమని నాకు తెలుసు.

ఎక్కడికి వెళ్దామమ్మా అని ఫోన్‌లో అడిగితే, ఏ కొండ మీదకో, ఏ చల్లని చోటుకో అంటుందనుకున్నాను. "దీవికి," అంది వెంటనే, ఎన్నాళ్ల నుంచో నాలుక చివర పెట్టుకున్నట్టు. "మొసళ్లుండేది చూడు."

మూడు గంటలు బోటు. నేను అరగంటకే రెయిలింగ్ పట్టుకుని వాంతులు మొదలుపెట్టాను. అమ్మ ఒక చేత్తో నా నుదురు పట్టుకుని, రెండో చేత్తో తన లైఫ్ జాకెట్ బకిల్ సరిచేసుకుంటూ, "అదుగో చేప! ఎగిరింది చూడు! చూడవే చిన్నీ!" అంటూ నా తలని అటు తిప్పుతోంది. నలభై ఆరేళ్లొచ్చినా నేను ఆవిడకి చిన్నినే. కక్కుతున్నవాళ్లకి చేపలేం కనిపిస్తాయి? కానీ ఆ గొంతు విని ఆశ్చర్యపోయాను. ఎప్పుడూ ఎక్స్ఛేంజిలో మాట్లాడినట్టు మెత్తగా, సమంగా ఉండే గొంతు అది. అందులో అంత అల్లరి ఉందని నాకు తెలియదు.

దీవిలో మాకిచ్చింది చెక్క గది. ముందు వరండా, వెనక అడవి. మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. చెయ్యి దానంతటదే స్టవ్ లైటర్ కోసం వెతికింది. పాలు కాచే పని లేదు, డబ్బా కట్టే పని లేదు, ఎవరి చొక్కా ఎక్కడుందో చెప్పే పని లేదు. కాసేపు ఏం చేయాలో తోచక దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టాను. "వదిలెయ్ దాన్ని," అంది అమ్మ కళ్లు తెరవకుండానే. "మడతపెట్టే మనిషికి వాళ్లు జీతమిస్తున్నారు. ఆవిడ పని లాక్కోకు." నేను దుప్పటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా జన్మలో ఒక పని చేయొద్దని నాతో అన్న మొదటి మనిషి ఆవిడే అనిపించింది. వెంటనే, ఈవిడనేనా నేను వంటింట్లో నిలబెట్టబోతున్నది అనీ అనిపించింది.

ఆ పొద్దున్నే వరండాలోకి ఉడుము వచ్చింది. మనిషి పొడవుంది. మేం కుర్చీల్లో కాళ్లు పైకి లాక్కుని ఊపిరి బిగబట్టి కూర్చుంటే, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, టీపాయ్ మీద ఉన్న బిస్కెట్ ప్యాకెట్‌ని కాగితంతో సహా నోట కరుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. మా వైపు చూడను కూడా లేదు. "అడగనైనా అడగలేదు," అంది అమ్మ. "అచ్చం మన ఇంట్లోవాళ్లే." నేను నవ్వబోయి ఆగిపోయాను.

రెండో రోజు పడవలో మడ అడవిలోకి వెళ్లాం. బురద గట్టు మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. పడవ నడిపేవాడు దూరంగా ఆపేస్తే అమ్మ ఒప్పుకోలేదు. "ఇంకొంచెం దగ్గరికి పోనీ నాయనా. ఇంత దూరం నుంచైతే మా ఇంట్లో టీవీలోనే చూసేదాన్ని." అతను రెండు తెడ్లు వేశాడు. అంతే, మొసలి నీళ్లలోకి దూకింది. పడవ ఊగి మా ఇద్దరి ఒళ్లూ బురదమయమయ్యాయి. నేను కెవ్వున అరిచాను. అమ్మ ముఖం తుడుచుకోకుండా, ఆ మొసలి ఎటు పోయిందో చూడ్డానికి పడవ అంచు మీద నుంచి వంగింది. నేను ఆవిడ నడుం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు బాల్కనీలో ఆవిడ నన్ను అలాగే పట్టుకునేది.

దీవిలో ఫోన్ సిగ్నల్ ఉన్నది ఒకే ఒక్క చోట, బోటు దిగే చెక్క వంతెన చివర. బురద బట్టలతోనే అక్కడ నిలబడి ఫోన్ ఆన్ చేస్తే పదకొండు మిస్డ్ కాల్స్. వెంటనే ఇంటికి చేశాను. "డబ్బాలన్నీ పాడైపోయాయి," అన్నాడు మా ఆయన. ఐసు ముద్ద తింటే గొంతు పట్టేస్తుందని, ఐదు రోజుల డబ్బాలూ ఒకేసారి బయటికి తీసి వరసగా వంటింటి గట్టు మీద పెట్టిందట అత్తయ్య. చల్లదనం పోయాక మళ్లీ పెడదామని మర్చిపోయిందట. ఆయన రెండుసార్లు ఆ డబ్బాల పక్కనుంచే వెళ్లి మంచినీళ్లు తాగాడట. "స్టిక్కర్ల మీద ఐదు రోజుల తేదీలున్నాయిగా, మీకు అనుమానం రాలేదా?" అన్నాను. "మా అమ్మ ఏదో చేస్తోంది కదా అనుకున్నాను," అన్నాడు. "మరి మధ్యాహ్నం అత్తయ్య బీపీ మాత్ర వేసుకుందా?" "నాకు తెలీదు." "వాడు తిన్నాడా?" "నాకు తెలీదు." "గ్యాస్ కట్టేసి ఉందా?" "నాకెలా తెలుస్తుంది?" ఆయన ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా చుట్టపుచూపుగా ఉంటున్నాడు. ఆఖర్న గొంతు తగ్గించి, "అడిగావా?" అన్నాడు. లేదన్నాను. "తొందరగా అడిగెయ్. ఇక్కడ పరిస్థితి చూస్తున్నావుగా."

మూడో రోజు గైడ్ మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లాడు. గడ్డం నెరిసినవాడు, పదహారేళ్లుగా ఇదే పని. రెండు వాగులు దాటాం. రెండో వాగులో అమ్మ చెప్పు కొట్టుకుపోయింది. ఇక చాలు, వెనక్కి పోదామంటే వినలేదు. నా ఎడమ కాలి బూటు తను తొడుక్కుని, నాకు తన మిగిలిన చెప్పు ఇచ్చి, రెండో కాలు ఒట్టిదిగానే ఉంచుకుంది. నేను కుంటుతూ, ఆవిడ విసవిసా నడుస్తూ ఒక పెద్ద చెట్టు కిందికి చేరాం. పైన ఒక తొర్ర, దానికి మట్టితో మెత్తిన గోడ, ఆ గోడలో వేలెడు సందు. కాసేపటికి రెక్కల చప్పుడు ఈలలా వినిపించింది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టున్న పెద్ద పక్షి వచ్చి కొమ్మ మీద వాలి, గొంతులోంచి ఒక్కో పండే బయటికి తీసి ఆ సందులోకి అందించింది. "హార్న్‌బిల్," అన్నాడు గైడ్ గొంతు తగ్గించి. "లోపల ఉన్నది ఆడది. పిల్లల కోసం తనని తాను లోపల పెట్టి మూసేసుకుంటుంది. మూడు నెలలు బయటికి రాదు. రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి. చూశారా, తల్లి త్యాగమంటే!" వచ్చినవాళ్లందరికీ ఇక్కడ కళ్లు చెమరుస్తాయి కాబోలు, అతను కాస్త ఆగాడు.

అమ్మ ఆ సందు వైపే చూస్తోంది. "ఆ మూడు నెలలూ తిండి ఎవరు పెడతారు?" అంది.

"మగదే అమ్మా. రోజుకి ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కే లేదు."

"ఆడది వండక్కర్లేదా?"

"పండ్లే కదా అమ్మా..."

"ఎవరికీ పెట్టక్కర్లేదా? తను ఊరికే కూర్చుంటే, వేళకి తెచ్చి నోటికందిస్తారా?" అమ్మ నా వైపు తిరిగింది. "ఇందులో త్యాగమేముందే చిన్నీ? నన్ను పెట్టి మూసెయ్యమను ఆ తొర్రలో!"

నేను పగలబడి నవ్వాను. గైడ్ ముఖం చూసి ఇంకా నవ్వాను. నవ్వీ నవ్వీ ఆ చెట్టు వేరు మీద కూలబడి, ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఏడ్చేశాను. అలసట ఏడుపు అది. ఇరవై రెండేళ్లలో నాకు జ్వరమొచ్చిన రోజున కూడా, పోనీ ఏదైనా చేసుకు తాగు అన్నారే తప్ప ఎవరూ ఏదీ తెచ్చి ఇవ్వలేదు. అమ్మ పక్కన కూర్చుని, నా కాలికున్న తన చెప్పు తీసి అందులోని ఇసుక దులిపింది.

మధ్యాహ్నం వంతెన చివర బెంచీ మీద కూర్చున్నాం. సిగ్నల్ అందగానే నా ఒళ్లో ఫోన్ వెలిగింది. 'అడిగావా?' పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మకి కళ్లజోడు లేకపోయినా కనిపించేంత పెద్దగా.

"అడుగుతావని మొదటి రోజు నుంచీ చూస్తున్నాను," అంది. "ముప్పై ఏళ్లు జనాల మాటల మధ్య కూర్చున్నదాన్ని. అడగబోయే మనిషి ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ ఇంటికొచ్చి ఉండమని కదూ?"

నేను తలదించుకున్నాను. ఇన్‌ఛార్జి పోస్టు సంగతి చెప్పాను. మూడోసారి అని చెప్పాను. సాకు చెబుతున్న పిల్లలా వినిపించింది నా గొంతు నాకే.

అమ్మ నీళ్లకేసి తిరిగింది. "నువ్వు పుట్టినప్పుడు నేనూ మా అమ్మని తెచ్చుకున్నాను," అంది. "ఒక్క ఏడాది అని చెప్పి తెచ్చాను. పద్దెనిమిదేళ్లు ఉంది. పొద్దున షిఫ్టుకి నేను లేచేసరికి తను లేచి ఉండేది. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశానని నన్నందరూ మెచ్చుకున్నారు. రిటైరైన రోజు దండేశారు. ఆ ఉద్యోగంలో సగం మా అమ్మ చేసింది. ఆవిడ నన్ను ఒకే ఒక్కటి అడిగింది, ఒకసారి సముద్రంలో పడవెక్కి ఏదైనా దీవికి వెళ్దామే అని. చూద్దాంలే అమ్మా అన్నాను. ప్రతి ఏడూ చూద్దాంలే అన్నాను." గొంతు అలాగే సమంగా ఉంది. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "మొసలి కావాలన్నది నేను కాదు. ఆవిడే."

నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడూ వీపు వైపు నుంచే గుర్తొస్తుంది, స్టవ్ ముందు నిలబడి. ముఖం ఎంత వెతికినా దొరకదు.

"నువ్వు అడిగితే నేను కాదనలేను, చిన్నీ," అంది అమ్మ. "రేపే సామాను సర్దుకుని వచ్చేస్తాను. నాకు తెలుసు నా సంగతి. అందుకే, దయచేసి, అడక్కు."

నేను లేచి నాలుగడుగులు వేసి ల్యాబుకి ఫోన్ చేశాను. పోస్టు తీసుకుంటున్నానని చెప్పాను. ఒక్క నిమిషం పట్టింది. రెండుసార్లు వద్దన్న పని, ఒప్పుకోవడం ఇంత తేలికా అనిపించింది. తర్వాత మా ఆయనకి చేశాను.

"అమ్మ రావడం లేదు. నేను అడగలేదు, అడగను కూడా. పోస్టు మాత్రం తీసుకున్నాను. సోమవారం నుంచి మధ్యాహ్నం డ్యూటీ."

అవతల పైపు నీళ్ల చప్పుడు, వెనక ఎక్కడో అత్తయ్య గొంతు.

"అదేమిటి? మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?"

ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబుంది, తేదీ, పూటతో సహా. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ బెంచీ మీద వెనక్కి వాలి, ఒక కాలికి నా బూటుతో, రెండో కాలు ఒట్టిదిగా చాపుకుని కళ్లు మూసుకుంది.

"నాకు తెలీదు," అన్నాను.