పారబోసిన నీళ్ళు

"ఆ ఆవిరి ఇటు రానియ్యకు, కాళ్ళు పడిపోతాయి" అంటూ నా మొగుడు అసరేస్ ముక్కుకి దుప్పటి చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి జరిగాడు. నేను గ్వాయా పప్పు కుండ మూత తీశాను. ఆవిరంతా నా మొహానికే కొట్టింది. గ్వాయా ఉడికే ఆవిరి తగిలితే మనిషి అవిటివాడవుతాడని మా ఊళ్ళో ప్రతి మగాడికీ తెలుసు. మరి ఆ కుండ దగ్గర కూర్చునేది ఎవరన్న సంగతి మాత్రం ఒక్కడికీ తోచదు. నేను ఈ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళు. ఆవిరే కాళ్ళు తీసేదైతే ఈపాటికి నేల మీద పాకుతుండాలి. పాకుతూ కూడా వండుతుండేదాన్నేమో!

రెండేళ్ళుగా వానల్లేవు. మేం రొట్టెలకి వేసే తెఫ్ ధాన్యం మొలకలోనే మాడిపోయింది. బీటలు పడ్డ నల్లరేగడిలో కూడా బతికేది గ్వాయా ఒక్కటే, కాబట్టి పొద్దున అదే, సాయంత్రం అదే. నిరుడు మా మరిది ములాట్ కాళ్ళు బిగుసుకుపోయాయి. ఇప్పుడు రెండు కర్రల మీద, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, మునివేళ్ళ మీద నడుస్తాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు.

ఆ తర్వాతే ఆరోగ్య కేంద్రం నర్సు సిస్టర్ ఎల్ఫినేష్ మా ఊరొచ్చి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. "ఆవిరిలో ఏమీ లేదమ్మా, విషం పప్పులోనే ఉంది. ఒక రకం అమైనో ఆమ్లం అది. మన ఒంటికి కండ పట్టించేవాటికి దగ్గర చుట్టమే. చుట్టంలాగే లోపలికొచ్చి నరాల్లో తిష్ఠ వేస్తుంది. ఉత్త మంటకి పూర్తిగా చావదు. నీళ్ళలో మాత్రం కరుగుతుంది. రాత్రి వేడినీళ్ళు పోసి నానబెట్టండి, పొద్దున్నే ఆ నీళ్ళు పారబొయ్యండి. కొత్త నీళ్ళలో ఉడికించి, అవీ పారబొయ్యండి. దొరికినంతలో బార్లీ కలపండి. ఒకసారి పోయిన కాళ్ళు తిరిగి రావు, గుర్తుపెట్టుకోండి" అంది. వెనక నుంచి ఎవరో, "పారబొయ్యడానికి నీళ్ళు కూడా నువ్వే తెస్తావా సిస్టర్?" అన్నారు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

వాగుకి పోయి రావడానికే రెండు గంటలు. ఇంతకుముందు రోజుకొకసారి వెళ్ళేదాన్ని, ఇప్పుడు రెండుసార్లు. పసుప్పచ్చ డబ్బా వీపున కట్టుకుని, తాడు రొమ్ములకి కోసుకుపోతుంటే, దారంతా లెక్క వేసుకుంటూ నడుస్తాను. ఇవి తాగడానికి, ఇవి పారబొయ్యడానికి. పారబొయ్యడం కోసం మోయడమంత పిచ్చిపని ఇంకొకటి ఉంటుందా? "పప్పు కడగడానికి వాగునే ఇంటికి తెస్తావేంటే?" అని అసరేస్ ఎకసెక్కం. "మా రోజుల్లో పప్పు సారం పప్పులోనే ఉండేది, అందుకే మా మగాళ్ళు నాగలి ఒంటిచేత్తో ఎత్తేవాళ్ళు" అని అత్తమ్మ. అయినా ఆమె ఒక సాయం చేసేది. పొద్దున్నే నేను నానిన పప్పు వార్చగానే, "నువ్వు నీళ్ళకి పో వుబిత్, ఈ కుడితి నేను పారబోస్తాలే" అనేది. ఎనిమిదేళ్ళలో నా చేతిలో పని ఒకటి అందుకుందని ఎంత పొంగిపోయానో!

పోయిన వారం అసరేస్ గడపకి తట్టుకున్నాడు. రెండ్రోజులకి మళ్ళీ. పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. నిన్న పొలం నుంచి వస్తుంటే చూశాను, కుడి మడమ నేలకి ఆనడం లేదు. ములాట్‌కీ అలాగే మొదలైంది. ఒక నిజం చెప్పాలి. ఆ మడమ చూడగానే నాకు జాలి కలగలేదు. కాలు లేవనివాడు తన్నలేడు కదా అనిపించింది. మరుక్షణం భయమేసింది. పాపభయం కూడా కాదది. రేపు ఆ మనిషిని పెరట్లోకి మోసేదీ ఈ వీపే కదా. మరి ఇన్ని నీళ్ళు మోస్తున్నాను, ఇంత పారబోస్తున్నాను, ఎక్కడ తప్పు చేశాను? మేమందరం ఒకే కుండలోది తింటున్నాం. ఈయనకే ఎందుకు? రాత్రంతా అటూ ఇటూ దొర్లాను.

ఈ పొద్దున సగం దారిలో డబ్బా తాడు తెగింది. వెనక్కి వచ్చాను. పొయ్యి మీద చిన్న ముంత, పక్కన ఉప్పు, మిరప్పొడి. అత్తమ్మ అందులోది రెండో సొరబుర్రలో పోస్తోంది. అసరేస్ మొదటిది ఊదుకుంటూ తాగుతున్నాడు. నేను వార్చిన గిన్నె ఆమె పక్కనే ఖాళీగా ఉంది.

"అత్తమ్మా, ఏంటది?"

"ఏముందే, నువ్వు వార్చిన నీళ్ళే. బలమంతా అందులోకే దిగుతోందిగా. నా కొడుకు నోట్లోకి పోవాల్సింది నేల తాగుతుంటే చూస్తూ ఊరుకోనా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"సిస్టర్ వచ్చిపోయిన మర్నాటి నుంచీ. నీకూ పెట్టేదాన్నే, మగాడికి సరిపోవాలి కదా."

నా పప్పులోంచి దిగిన విషమంతా, నా వీపు మీద వచ్చిన నీళ్ళతో, చక్కగా ఉప్పూ కారం వేసి! కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. సిస్టర్ చెప్పింది మొత్తం మళ్ళీ చెప్పాను. అత్తమ్మ ములాట్ కర్రల వైపు ఒకసారి, అసరేస్ మడమ వైపు ఒకసారి చూసింది. చేతిలో బుర్ర జారిపోయింది. "నేనే... నేనే పెట్టానా?" అని గుండెలు బాదుకుంది. ఆమెని తిట్టలేకపోయాను. ఆ చేతులూ నలభై ఏళ్ళు నీళ్ళు మోసినవే.

అసరేస్ మాత్రం నా మీదే లేచాడు. "ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోవద్దూ? నువ్వు దగ్గరుండి పారబోస్తే పోయేది కదా!"

నేను పొయ్యిలో కట్టెలు బయటికి లాగి మట్టి చల్లాను. నిండు నెలలప్పుడు నేను మోసిన చిన్న డబ్బా మూలన ఉంది. అది తెచ్చి, కొత్త తాడుతో ఆయన ముందు పెట్టాను.

"ఇక నుంచి పప్పు నీళ్ళు మీరే తేవాలి. మీ చేత్తో మీరే పారబొయ్యాలి. తెస్తే వండుతాను."

"మగాణ్ణి! వీపున నీళ్ళ డబ్బాతో ఊళ్ళో నడవమంటావా?"

"మడమ ఇంకా సగం ఆనుతోంది. నడవగలిగిన రోజుల్లోనే నడవండి."

అత్తమ్మ ఏడుపు ఆపి, "పోరా" అంది.

ఆయన డబ్బా వీపుకెత్తి, తాడు మెడ దగ్గర కట్టుకున్నాడు. అలా కడితే బరువంతా గొంతు మీద పడుతుంది, రొమ్ము మీదుగా తిప్పి పక్కన ముడెయ్యాలి. సరిచేద్దామని నా చెయ్యి దానంతటదే లేచింది.

గుమ్మంలో, ఆయన రోజూ కూర్చునే చోట కూర్చుని, ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాను.