బేరమాడి కొన్న ద్రాక్ష కల

మొదట్లో నా చేతిలో ఉన్నవి నాలుగు. కొరియా తీరాన గిజాంగ్ బజారులో ఎండు సముద్రనాచు అమ్మే కొట్టు, నా భార్య దాసోం, ఆమె కడుపులో ఏడు వారాల గర్భం, యోసు పిన్ని దగ్గర కొన్న ఒక కల.

బిడ్డ పుట్టబోతుంటే అయినవాళ్ళలో ఒకరికి కల రావాలని మావాళ్ళ నమ్మకం. బయటివాళ్ళకి వస్తే కొనుక్కోవచ్చు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. పక్క కొట్టులో ఎండు నెత్తళ్ళు అమ్మే యోసు పిన్నికి మాత్రం ఒడి నిండా నల్ల ద్రాక్ష గుత్తులు కనిపించాయి. ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. ఆ కల ఉంచుకుని ఏం చేసుకుంటుంది?

"రెండు కట్టల నాచు ఇచ్చి తీసుకుపో," అంది.

"ఒడి నిండా అంటున్నావు గానీ పిన్నీ, ఎన్ని పుచ్చువో ఎవరు చూశారు? ఒక్క కట్ట ఇస్తా."

"కలని కూడా కాటా మీద పెడతావేంట్రా! సరే, తీసుకో."

అలా ఒక్క కట్టకి తెగింది. బాలింత పులుసుకి కొనే నాచు దగ్గర మాత్రం ఎవరూ బేరమాడరు. అరిష్టమని మేమూ దాన్ని మడవం, విరవం, బారుగానే కట్టి ఇస్తాం. పుట్టబోయే బిడ్డ విషయంలో బేరం కూడదని రోజూ పదిమందికి చెప్పేది నేనే.

ఇద్దరం కడుపులో బిడ్డని 'ద్రాక్షపండూ' అని పిలుచుకున్నాం. కాన్పయ్యాక పులుసుకని బారెడు నాచులో మేలైన కట్ట ఏరి అటక మీద దాచాను.

పదో వారంలో దాసోంకి రక్తం కనిపించింది. స్కాను గదిలో డాక్టరమ్మ తెరని చాలాసేపు చూసింది.

"ఇందులో బిడ్డ లేదండీ."

"పోయిందా?" అన్నాను.

"అసలు మొదలవలేదు. మాయ ఒక్కటే నీటి బుడగలుగా పెరిగింది. చూడ్డానికి ద్రాక్ష గుత్తిలా ఉంటుంది."

దాసోం తల తిప్పి నా వైపు చూసింది. తెర మీద నిజంగానే గుత్తులున్నాయి. మూడు వారాలుగా మేం పేరు పెట్టి పిలిచింది వాటినే.

ఆ రోజే కడుపు శుభ్రం చేశారు. రిపోర్టు వచ్చాక దాసోం డాక్టరమ్మని ముందు ఇదే అడిగింది. "నేనేం తిన్నానని ఇలా అయింది?"

"మీరేమీ చేయలేదు. అండంలో తల్లి వైపు నుంచి రావలసింది రాలేదు. ఉన్నదంతా తండ్రి వైపుదే. ఎవరి తప్పూ కాదు."

చివరి మాట నా చెవికెక్కలేదు. వాటా అంతా నాదే అన్నది మాత్రం ఎక్కింది.

"మళ్ళీ పిల్లలు పుడతారా?" అంది దాసోం.

"పుడతారు. ఇలాంటిదే మళ్ళీ వచ్చేది నూటికి ఒకరిద్దరికి. కానీ లోపల మిగిలిన కణాలు క్యాన్సరుగా మారొచ్చు. అందుకని వారం వారం రక్తంలో గర్భం హార్మోను ఎంతుందో చూడాలి. అంకె మామూలుకి దిగాక మరో ఆరు నెలలు ఆగాలి. ఈలోగా కడుపొస్తే పెరిగిన అంకె బిడ్డదో జబ్బుదో చెప్పలేం."

ఇంటికొచ్చేసరికి మా అమ్మ కషాయం కాచి కూర్చుంది. "కోడలి ఒంట్లో చలువ ఎక్కువ. ఇది తాగితే వచ్చే నెలకే నిలుస్తుంది."

"వాటా అంతా నాదేనటమ్మా. నాకు పొయ్యి," అని గిన్నె లాక్కుని తాగేశాను. అమ్మ ఖాళీ గిన్నెలోకి తొంగి చూసింది.

అప్పుడే దాసోంకి కల బేరం సంగతి చెప్పాను.

"నా బిడ్డ కల మీద బేరమాడావా?" అంది.

మర్నాడు రెండో కట్ట పట్టుకుని యోసు పిన్ని కొట్టుకి వెళ్ళాను.

"ఇప్పుడెందుకురా ఇది?"

"తగ్గించిన సగం."

పిన్ని నెత్తళ్ళ మీద నుంచి చెయ్యి తీసింది. "పిచ్చోడా! బేరాలకి బిడ్డలు పోయేటట్టయితే ఈ బజారులో ఒక్కరికీ పిల్లలుండేవాళ్ళు కాదు." కట్ట తీసుకోలేదు. నా చొక్కా కాలరు సర్ది పంపేసింది.

ఏ అంకె అయినా పెరగాలనే కోరుకున్నవాణ్ణి, అప్పటి నుంచి ఒక అంకె తగ్గాలని మొక్కాను. మొదట లక్షా అరవై వేలు. తర్వాత నాలుగు వేలు. ఆరో వారం రెండు వందల పన్నెండు. ఏడో వారం రెండు వందల పంతొమ్మిది. ఆ కాగితం చూసి ఆస్పత్రి మెట్ల మీదే కూలబడ్డాను.

"లే. ఇంకో వారం చూద్దాం అంది కదా," అని దాసోం నా మోచెయ్యి పట్టి లేపింది. ఒళ్ళు గుల్లయింది ఆమెకి, లేపింది కూడా ఆమే.

ఎనిమిదో వారం తొంభై. పన్నెండో వారానికి మామూలు. ఆపైన ఆరు నెలలూ అది కదల్లేదు. తర్వాత మూడో నెలలో పరీక్ష పుల్ల మీద రెండు గీతలొచ్చాయి. ఇద్దరం వాటిని చూసి నవ్వలేకపోయాం. ఈసారి కల కొనలేదు. పేరు పెట్టలేదు.

ఏడో వారం స్కానులో తెర మీద గుత్తులు లేవు. చిక్కుడు గింజంత ఒకటే ఉంది. డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గదంతా చప్పుడు.

"ఏంటది?" అన్నాను.

"గుండె," అంది దాసోం. ఆమె గోళ్ళు నా మణికట్టులో దిగి ఉన్నాయి.

చేతికొచ్చినవి ఇవి. బాలింత నాచు కట్ట ఇంకా అటక మీదే ఉంది, ఎక్కడా విరగలేదు. దాసోం ఉంది. నిమిషానికి నూట ముప్పై నాలుగు కొట్టుకునే చప్పుడు ఒకటి ఉంది. అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ అడగలేదు.