మలుపు దాకా

ఆ సాయంత్రం వాళ్ళు చున్నీ పట్టి లాగకపోతే దాక్షాయణి ఆ సంగతి ఇంట్లో చెప్పేదే కాదు.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. అక్కడే కౌంటర్‌లో కూర్చునే కృప ఆమెకు స్నేహితురాలు. కృపది సిర్గాపూర్. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగు పనులకు వెళ్ళిపోతే, తను ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటోంది. ల్యాబ్ మూశాక ఇద్దరూ కలిసి నడిచేవారు. దాక్షాయణి వాళ్ళ వీధి మలుపు ముందు వస్తుంది. కృప గదికి అక్కడి నుంచి ఇంకా చాలా దూరం.

వానాకాలం మొదలైనప్పటి నుంచి ఒక బైకు వాళ్ళ వెంట పడింది. దానిమీద ఇద్దరు. వెనక నుంచి వచ్చి, వీళ్ళ నడకకు సమానంగా బండి నెమ్మది చేసి, ఏదో ఒకటి అనేవారు. వేసుకున్న బట్టల గురించి, నడక గురించి, ఒక్కోసారి ఇంట్లో నోట పలకలేని మాట. వీళ్ళు రోడ్డు దాటితే వాళ్ళూ బండి తిప్పేవారు. కూరగాయల మార్కెట్ సందులోంచి పోయి చూశారు. సందు చివర బండి ఆపుకుని నవ్వుతూ కూర్చున్నారు. కృప తల వంచుకుని నడిచేది. దాక్షాయణి చెవికి ఫోన్ పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడుతూ నడిచేది. దుకాణాల వాళ్ళు తలెత్తి చూసేవారు, మళ్ళీ తమ బేరాల్లో పడిపోయేవారు.

చున్నీ లాగిన రోజు మెడ చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. అమ్మ చెన్నబసమ్మ చూస్తే మర్నాటి నుంచి ఉద్యోగం మానిపిస్తుంది. అందుకే అన్న రుద్రేష్‌కు చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఏదున్నా అన్నకే చెప్పుకునేది. ల్యాబ్ కోర్సుకు సంగారెడ్డి పంపనని నాన్న అంటే, పోట్లాడి పంపించింది అతనే.

రుద్రేష్ ఆమె మెడ చూశాడు.

"బండి మీద ఎవరున్నరో తెలుసా?"

"ముందట కూసునేటోనికి గడ్డముంటది. చేతికి వెండి కడియం. కృపను కూడ గట్లనే సతాయిస్తున్నరన్నా."

"సరే. ఇగ నాకిడిసిపెట్టు. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది."

ఆ వారం నుంచే బైకు కనబడలేదు. దాక్షాయణి ఫోన్ బ్యాగులో వేసుకుని చేతులూపుకుంటూ నడిచింది. "మా అన్న చూసుకున్నడు," అని కృపతో ఎన్నిసార్లు చెప్పుకుందో. కృప ఊఁ అనేది. తర్వాత తర్వాత కృప ఏదో పని ఉందని ల్యాబ్‌లోనే ఆగిపోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు ముందే వెళ్ళిపోయేది. తనేమైనా తప్పుగా మాట్లాడిందేమోనని దాక్షాయణి బాధపడింది.

ఒక పొద్దున కృప మోచేతికి కట్టుతో వచ్చింది. పడ్డానంది. దాక్షాయణి కట్టు విప్పి, దూదితో గాయం తుడుస్తూ, "ఎట్ల పడ్డవ్?" అని అడిగింది. కృప చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు మలుపు తిరిగెదాంక ఆగుతరు," అంది. "నువ్వు పోయినంక వస్తరు. నిన్న ఆ గడ్డపోడు బండి మీదికి తెచ్చిండు, తప్పించుకోబోయి రోడ్డు పక్క మోరీల పడ్డ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? 'రుద్రేష్ చెల్లెను ఏమీ అనం అని మాటిచ్చినం, నీ గురించి ఎవరూ మాట అడగలే' అన్నడు. మీ అన్న నీ ఒక్కదాని గురించే మాట్లాడుకున్నడు. నీకు తెల్వదా?"

తెలియదని దాక్షాయణి అంది. కృప నమ్మినట్టు కనిపించలేదు. అది దాక్షాయణిని కృప గాయం కన్నా ఎక్కువగా బాధించింది.

మధ్యాహ్నం ఆమె అన్న ఎరువుల దుకాణానికి వెళ్ళింది. లోపల యూరియా బస్తాల మీద ఒకడు కూర్చుని రుద్రేష్‌తో చాయ్ తాగుతున్నాడు. గడ్డం, చేతికి వెండి కడియం. ఆమెను చూసి లేచాడు.

"రా చెల్లె, కూసో."

అదే గొంతు. వీధిలో ఏమేమో అన్న గొంతు ఇప్పుడు చెల్లె అంటోంది. దాక్షాయణి గుమ్మం దాటలేదు. రుద్రేష్ గ్లాసు కింద పెట్టి, "సంగమేశ్, నువ్వు జర బయటికి పో," అన్నాడు. వాడు తీరిగ్గా చాయ్ పూర్తిచేసి మరీ వెళ్ళాడు.

"వాడు నీకు దోస్తా?"

"ఈ దుకాణం పెట్టినప్పటి సంది. మనింటికెన్నడూ రాలే. నువ్వు నా చెల్లెవని వానికి తెల్వదు. తెలిసినంక మస్తు బాధపడ్డడు. నాకు సారీ చెప్పిండు."

"లాగింది నా చున్నీ. నీకు సారీ చెప్పుడేంది?"

రుద్రేష్ ఖాళీ గ్లాసులు తీసి పక్కన పెట్టాడు.

"కృప గురించి కూడ నీకు చెప్పిన గదన్నా. యాది లేదా?"

"ఉంది." అతను బయట బండి మీద కూర్చున్న సంగమేశ్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊర్లె ఉన్న ఆడపిల్లలందరి గురించి నేను కొట్లాడితే అయితదా? వాళ్ళింటోళ్ళతోని మనకు రోజూ పనులుంటయి. నీ జోలికి రారు, అది చాలదా? ఆ పిల్ల మనకేమైతది?"

ఆమెకు అన్న ముఖం కొత్తగా కనిపించింది. కోపంగా ఉన్నా బాగుండేది. అతను నిజంగానే తనకు మేలు చేశాననుకుంటున్నాడు.

సాయంత్రం దాక్షాయణి కృపను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. మహిళా కానిస్టేబుల్ ఇద్దరినీ కూర్చోబెట్టి, మొత్తం విని రాసుకుంది. మనిషిని గుర్తుపట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. దాక్షాయణి కాసేపు ఆలోచించి అన్న పేరు, నంబరు చెప్పింది. తను నోరు తెరిచి ఇక్కడిదాకా వచ్చాక అన్న అబద్ధమాడడని ఆమె ఆశ.

కానిస్టేబుల్ స్పీకర్ పెట్టి మాట్లాడింది. అవతల నుంచి రుద్రేష్ గొంతు మర్యాదగా వినిపించింది.

"లేదు మేడం, నాకసుంటిదేం తెల్వదు. మా చెల్లె నాకెన్నడూ చెప్పలే."

దాక్షాయణి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కృప ఆమె వైపు చూసింది. ఆ చూపులో పొద్దుటి అనుమానం లేదు, జాలి ఉంది. అదీ ఆమెకు మోయలేనిదిగానే ఉంది.

మార్కెట్ సందు దగ్గరి దుకాణం కెమెరాలో బండి దొరికింది. సంగమేశ్‌నూ, వెనక కూర్చునేవాడినీ స్టేషన్‌కు పిలిచి కేసు రాశారు. వీధిలో ఆ బైకు మళ్ళీ కనిపించలేదు. ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది. పరువు తీసిందని నాన్న శరణప్ప అన్నాడు. ఉద్యోగం మానెయ్యమని అమ్మ ఏడ్చింది. రుద్రేష్ ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం తింటూనే ఉన్నాడు. ఫోన్‌లో తనేం చెప్పాడో చెల్లెలు విన్నదని అతనికి తెలుసు. ఆమె అందరి ముందూ అడుగుతుందేమోనని ముద్ద మింగేముందు ఒకసారి కళ్ళెత్తి చూశాడు.

ఆమె అడగలేదు. అడిగితే చెప్పే జవాబు మీద ఆమెకిక నమ్మకం లేదు.

ఉద్యోగం మానలేదు. ఇప్పుడు రోజూ కృపను గది దాకా దింపి, అక్కడి నుంచి ఒక్కతే వెనక్కి నడిచి ఇంటికి వస్తోంది. మొన్న చాయ్ హోటల్ ముందు ఎవడో కొత్తవాడు ఏదో అన్నాడు. ఆమె ఆగి, "ఏందన్నవ్?" అని అడిగింది. వాడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చేసరికి రుద్రేష్ వాకిట్లో ఉన్నాడు.

"ఏమైంది, గట్లున్నవ్?" అన్నాడు, పాత అలవాటు కొద్దీ.

"ఏం లే," అని ఆమె లోపలికి వెళ్ళింది.