ప్రెతాష్ దగ్గే చోటు

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు పెద్దలు. మురీజ్ తెగ కొండల్లో మాత్రం గుమ్మంలో కాలు పెట్టిన మనిషిని మొదట అడిగేది మూలమే. ఎవరి కొడుకువి, ఆయన ఎవరి కొడుకు, ఆపైన ఎవరు? అలా ఒక్కో తాతనీ పట్టుకుని ఎక్కుతూ, తెగకంతటికీ ఆదిపురుషుడైన మురీజ్ దాకా పోవాలి. మాటలు వచ్చీ రాగానే మగపిల్లలకి ఈ పేర్లు నేర్పుతారు. ఆడపిల్లలకి నేర్పరు, ఎలాగూ ఇంకో తెగకి పోయేవాళ్ళే కదా అని.

అలా ఇంకో తెగ నుంచి వచ్చిన కోడలే ద్రానె. ప్రెతాష్ పెళ్ళామై నలభై ఏళ్ళు దాటింది. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ప్రశ్నలు మాత్రం తరగలేదు. ఊళ్ళో అందరూ ఆవిడని ప్రశ్నల ద్రానె అనేవారు, చాటున కాదు, మొహం మీదే.

ఆ ప్రశ్నల్లో రెండు ఇన్నేళ్ళయినా తెగనివి ఉన్నాయి. మొదటిది మందల సంగతి. మంచు కరిగి కొండబీళ్ళు పచ్చబడగానే తెగ మందలన్నీ ఒకే రోజున పైకి బయలుదేరతాయి. దారి ఒక్కటే, రెండు బండల మధ్య ఇరుకు సందు. దాన్ని అందరూ మెడ అంటారు. ఆ మెడ దగ్గర అన్ని మందలూ ఆగాలి. ప్రెతాష్ గంటపొట్టేలు దాటాకే మిగతావి కదలాలి. తెగపెద్ద వూక్సాన్ మందయినా సరే, అప్పటిదాకా నిలబడాల్సిందే.

కొత్తకోడలిగా ద్రానె అత్తగారిని అడిగింది, ఎందుకిలా అని. "గౌరవమిస్తే పుచ్చుకోవే. ఎందుకిచ్చారని అడిగితే తిరిగి పట్టుకుపోతారు" అంది అత్తగారు.

మొగుణ్ణి అడిగితే ఆయన దగ్గర జవాబు తయారుగానే ఉంది. "సుల్తాను తరఫున ఏలిన పాషా మన ఇళ్ళు తగలబెట్టి, తెగ మొత్తాన్నీ తూర్పు పీఠభూమి మీదకి తోలాడు గదా. కొన్నేళ్ళకి మనోళ్ళు సగంమంది కాపలావాళ్ళ కళ్ళుగప్పి తిరిగొచ్చారు. అప్పుడు ముందు నడిచింది మా తాతే. అందుకని."

"ముందు నడిచినోడికి రొట్టె ముందు పెడతారు, సరే. రెండొందల ఏళ్ళు పెడతారా?"

"నీకు పాలు తోడేసే పని లేదూ?" అన్నాడు ప్రెతాష్.

రెండోది దగ్గు. పెళ్ళిళ్ళలో, చచ్చినవాళ్ళ పండగనాడు, ప్రెతాష్ తాతల పేర్లు చెప్పేవాడు. గొంతు ఖంగుమనేది. పేరు వెనక పేరు గుర్రమెక్కి వచ్చినట్టు వచ్చేది. లేశ్ దాకా వచ్చాక దగ్గు. దగ్గాక మురీజ్. ఏటా అక్కడే. గొంతు బాగున్న ఏడూ దగ్గేవాడు. అందరూ ఆ దగ్గుకి అలవాటు పడిపోయారు, పాటలో తాళంలాగా. ద్రానె ఒక్కతే అలవాటు పడలేదు.

ఆ వసంతంలో ఇంట్లో నవ్వు లేదు. మంచుపెళ్ళ కింద పోయిన ఒక్కగానొక్క కొడుకు ఆనవాలుగా వాళ్ళకి మిగిలింది మనవరాలు లూలె. ఆ పిల్లా, వూక్సాన్ మనవడు జెలోషూ ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకున్నారు. ఇద్దరూ ఒకే తెగ. ఒకే తెగ అంటే ఎన్ని తరాల ఎడం ఉన్నా అన్నాచెల్లెళ్ళు. అంతకన్నా పాడుపని ఆ కొండల్లో లేదు. సంగతి పొక్కకముందే పిల్లని దాటించాలని ప్రెతాష్ సరస్సు వైపు తెగకి కబురు పంపాడు. మందలు పైకెక్కిన మర్నాడు సంబంధం మాట్లాడ్డానికి మధ్యవర్తులు వస్తారు. ఒకసారి మాటిచ్చాడా, ఇక వెనక్కి తీసుకునేది లేదు. తీసుకుంటే రెండు తెగల మధ్య తుపాకులు లేస్తాయి.

"అవ్వా, నన్ను ఎవరికీ ఇవ్వొద్దు" అంది లూలె, వెన్న చిలుకుతున్న ద్రానె పక్కన కూలబడి. "ఇస్తామంటే పెద్దలందరి ముందూ ఒట్టేసి జుట్టు కోసేసుకుంటా. మగబట్టలు తొడుక్కుని, చచ్చేదాకా పెళ్ళి లేకుండా గొర్రెలు కాసుకుంటా."

"ఓసి పిచ్చిమొహమా, నీ జడలు చూసే గదే ఊరంతా కుళ్ళుకునేది" అని ద్రానె నవ్వబోయింది. నవ్వు రాలేదు. అలా ఒట్టేసిన ఆడవాళ్ళని ఆవిడ ఎరుగును. వేస్తే ఇక అంతే, తిరుగులేదు.

మందలు కదిలే ముందు రోజు మధ్యాహ్నం, వాకిట్లోంచి ఓ ముసలి గొంతు కేకేసింది. "ఇంటాయనా! అతిథి కావాలా?"

"కావాలి, రా! రొట్టె, ఉప్పు, మా మనసు!" అంటూ ప్రెతాష్ ఎదురెళ్ళాడు.

వచ్చినాయన పేరు జూమెర్. పీఠభూమి నుంచి కంచరగాడిద మీద వచ్చాడు. పాషా తోలినప్పుడు పోయి మళ్ళీ తిరిగిరాని సగం తెగ మనిషి. అక్కడివాళ్ళు ఎప్పుడో మసీదుకి మారారు, ఇక్కడివాళ్ళు చర్చిలోనే ఉండిపోయారు. అయినా తెగ తెగే. ఆయన తాతల పేర్లు చెప్పుకుంటూ మురీజ్ దాకా వచ్చాడు, ఎక్కడా దగ్గకుండా. ప్రెతాష్ ఆయన తుపాకీ అందుకుని గోడకి తగిలించి, పొయ్యి పక్కన పెద్దచోట కూర్చోబెట్టి, పొట్టేళ్ళకి గంటలు కట్టడానికి దొడ్డివైపు పోయాడు.

ద్రానె జొన్నరొట్టె, జున్నుముక్క, పుల్లటి పెరుగు తెచ్చి పెట్టింది.

"ఇంత దూరం దేనికొచ్చావన్నా? పొట్టేళ్ళు కొనడానికా?"

"పొట్టేళ్ళు మాకూ ఉన్నాయి చెల్లెమ్మా. చూడ్డానికొచ్చా. మా తాతలు చెప్పినవి నిజమో, చలికాలం పొద్దుపోక అల్లినవో, ఒకసారి చూసి చద్దామని. ఆ మెడ ఇంకా ఉందా?"

"బండలు ఎక్కడికి పోతాయి?"

"మనుషులు పోలేదూ!" అని జూమెర్ పకపకా నవ్వాడు. "మాకక్కడ మెడ లేదు. చదును నేల. అయినా మందలు మేతకి పోయేనాడు రెండు రాళ్ళు నిలబెడతాం. వాటి మధ్య రొట్టె, ఉప్పు పెడతాం. మాలో పెద్దోడు చిలుం ముట్టించి, అది అయిపోయేదాకా కాలుస్తాడు. అప్పటిదాకా ఒక్క గొర్రె కదలకూడదు."

"ఎందుకు?" అంది ద్రానె. ఆ మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

"ముందు పోవలసినోళ్ళు రాలేదు గదా మరి. నిప్పింటోళ్ళు. మురీజ్ ఉత్తరాన ఎవర్నో చంపి, పగవాళ్ళు తరుముతుంటే ఈ లోయలోకొచ్చాడు. తోడు ఒక్క కుక్క. వానకి తడిసి చెకుముకి చచ్చిపోయింది. అప్పటికే ఇక్కడ ఒక ఇల్లుంది, పొగ లేస్తోంది. వాళ్ళు నిప్పిచ్చారు, బతికాడు. నా వంశం గొర్రెలు మేపినన్నాళ్ళూ మీ మందే ముందు పోవాలని ఒట్టేశాడు. పాషా తోలినప్పుడు ఆ ఇంటోళ్ళూ మాతోనే వచ్చారు. తిరిగెళ్ళినోళ్ళతో వెళ్ళిపోయారు. ఒట్టు ఒట్టే గదా, మేం ఇంకా వాళ్ళకోసం ఆగుతూనే ఉన్నాం."

ద్రానె చేతిలోని కదురు ఆగిపోయింది.

"అన్నా, ఆ నిప్పింటోళ్ళు మురీజ్ రక్తం కాదా?"

"ఎట్టా అవుతారు? మురీజ్ పెళ్ళాడిందే ఆ ఇంటి పిల్లని!"

ఆ తర్వాత ద్రానె ఏమీ అడగలేదు. ఆవిడ బతుకులో అదొక వింత. జూమెర్ కూడా ఏం తప్పుమాట అన్నానా అని అనుమానంగా చూశాడు.

తెల్లారగట్ల కంచరగాడిద మీద మూటలు కడుతూ మొగుడి ముందు విషయమంతా పెట్టింది. ప్రెతాష్ మొహం గుమ్మడికాయల దొంగ మొహమైపోయింది. భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ.

"నీకు ముందే తెలుసు" అంది ద్రానె.

తాడు ముడి బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడాయన. "మా నాన్న పోతూపోతూ చెప్పాడు. తిరిగొచ్చిన కాలంలో బీళ్ళు పంచుకునేటప్పుడు, పరాయోళ్ళని మన వాటా కొట్టేస్తారేమోనని భయపడి, మనోళ్ళు ఒక పేరు మింగేశారంట. నువ్వూ మింగు అన్నాడు. మింగుతున్నా."

"మింగుతున్నావు గాబట్టే దగ్గొస్తోంది. చెప్పెయ్యి. పిల్ల బతుకుతుంది."

"నలభై ఏళ్ళు నా రొట్టె తిని నా వేరు పీకమంటావేమే? రేపట్నించి ఏ ముఖం పెట్టుకుని పెద్దల్లో కూర్చోను? పోనీ ఆ ముసలాణ్ణి నోరుమూసుకోమందామంటే అతిథాయె!"

"అతిథి చెబితే అది ఆయన మాట. నువ్వు చెబితేనే నీ మాట" అంది ద్రానె. ప్రెతాష్ గాడిదని అదిలించాడు. ద్రానె ఉన్నికత్తెర కోసం గోడకొయ్య వైపు చెయ్యి చాచింది. కత్తెర లేదు.

మెడ దగ్గర మందలన్నీ చేరేసరికి ఎండెక్కింది. కుక్కల అరుపులు, పిల్లల గోల, గంటల చప్పుడు. ప్రెతాష్ పొట్టేలు తల ఊపుకుంటూ ముందుకొచ్చి, మెడలో దూరి అవతలికి పోయింది. వెనకే ఆయన మంద. మిగతా జనం కర్రలు అడ్డం పెట్టి తమ గొర్రెల్ని ఆపుతున్నారు.

జూమెర్ గాడిద దిగాడు. తూలుకుంటూ పరిగెత్తుకొచ్చి ప్రెతాష్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ముసలి కళ్ళు ధారాపాతంగా కారుతున్నాయి.

"మీరా! రాత్రి మీ ఇంట్లో రొట్టె తిని కూడా ఎరగలేకపోయానే! మేం ఎదురుచూస్తోంది మీకోసమయ్యా!"

జనం నోళ్ళు మూసుకున్నారు. వూక్సాన్ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. "ఏమంటున్నాడు ప్రెతాష్, ఈ పెద్దాయన? నువ్వెవరంటాడు?"

ముసలాడికి మతి తప్పిందని ఒక్క మాటంటే చాలు. ప్రెతాష్ మాటకి ఎదురు లేదు, అందరూ నమ్ముతారు. ఆయన నోరు తెరిచాడు కూడా. అప్పుడు కనబడింది లూలె. పెద్దల వెనక నిలబడి ఉంది, రెండు జడలూ విప్పేసుకుని. నడికట్టులో ఉన్నికత్తెర. జనం నిశ్శబ్దమవ్వడం చూసి, ఇదే అదననుకుందేమో, దాని పిడి మీద చెయ్యేసింది.

ప్రెతాష్ టోపీ తీసి చేత్తో పట్టుకుని తాతల పేర్లు మొదలుపెట్టాడు. ఎందుకు చెబుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. పేరు వెనక పేరు వచ్చింది. లేశ్ వచ్చాడు. జనం అలవాటుగా దగ్గు కోసం చూశారు.

"లేశ్ తండ్రి ప్రొగోన్" అన్నాడు ప్రెతాష్. "నిప్పింటి ప్రొగోన్. మురీజ్ కాదు. మేం మురీజ్ రక్తం కాదు వూక్సాన్. మీ తాత రాకముందే ఇక్కడున్నోళ్ళం. ఆయనకి నిప్పిచ్చినోళ్ళం. మీరు బీళ్ళలో వాటా తీసేస్తారని భయపడి దాచారు మా పెద్దలు. నేనూ దాచా."

"అయితే పరాయోడా ఈయన!" అన్నారు వెనకనుంచి ఎవరో.

వూక్సాన్ మెడ బండలకేసి చూశాడు. జూమెర్‌ని ఒట్టెయ్యమన్నాడు. జూమెర్ రొట్టె మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు.

"నోర్ముయ్యండ్రా" అన్నాడు చివరికి వెనక్కి తిరిగి. "పొగ చూసుకుని ఒకరి గుమ్మంలోకి దూరింది మన తాత. పరాయోళ్ళమంటూ ఉంటే మనమే." ప్రెతాష్‌కేసి తిరిగాడు. "కుర్రతనం నుంచీ నీ పొట్టేలు వెనక నిలబడుతున్నా. ఎందుకో నాకూ తెలవదు. అడిగితే తెగపెద్దకి ఆమాత్రం తెలవదా అంటారని అడగలా."

"నేనడిగా! నలభై ఏళ్ళు అడిగా!" ద్రానె గొంతు ఆడవాళ్ళ గుంపులోంచి లేచింది. పెద్దల మాటల్లో ఆడమనిషి దూరకూడదు. అయినా ఆవిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఇంకొక్కటుంది, అదీ అడుగుతా. మురీజ్ పెళ్ళాడింది నిప్పింటి పిల్లనేగా? అప్పుడు తప్పుగానిది, నీ మనవడికి మా పిల్లనిస్తే ఇప్పుడు తప్పా?"

వూక్సాన్ లూలెని చూశాడు. విప్పిన జడల్ని, కత్తెరని చూశాడు. గొర్రెల వెనక పాలిపోయి నిలబడ్డ మనవణ్ణి చూశాడు. గడ్డం నెరిసినవాడే గాని గుడ్డివాడు కాదు.

"ఆ కత్తెర లోపల పెట్టవే తల్లీ" అన్నాడు. "రేపు మధ్యవర్తులు మా ఇంటి నుంచే వస్తారు. సరస్సు వాళ్ళకి ప్రెతాష్ ఇంకా మాటివ్వలా గదా?"

ప్రెతాష్ తల అడ్డంగా ఊపాడు.

ఊరికే అయిపోలేదు లెండి. ఆ రోజు నుంచి కొందరు ఆయన్ని "ముందోడా" అని పిలవడం మొదలుపెట్టారు, వెక్కిరింతగానే. బీళ్ళ తగాదాల్లో ఆయన మాటకి బరువు తగ్గింది. ఆ వేసవంతా ప్రెతాష్ పెద్దల్లో చివర కూర్చున్నాడు. ద్రానెతో కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆవిడ పట్టించుకోకుండా రొట్టె పెట్టి ఊరుకుంది.

జూమెర్ వెళ్ళేనాడు మాత్రం ప్రెతాష్ తానే దొడ్డిలోకి పోయి, గంటపొట్టేలుకి పుట్టిన మగ గొర్రెపిల్లని ఎత్తుకొచ్చి గాడిద మీద ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాడు. "వచ్చే ఏడు దీన్ని ముందు నడిపించండి. ఇక చిలుం కాలుస్తూ ఆగక్కర్లేదు."

"చిలుం నేను మానను, అది వేరే సంగతి" అన్నాడు జూమెర్, పిల్లని శాలువాలో చుట్టుకుంటూ.

ఆకురాలు కాలంలో లూలె పెళ్ళి. పిల్లని గుమ్మం దాటించేముందు ఆ ఇంటి పెద్ద తన తాతల పేర్లు చెప్పాలి. అవతల వూక్సాన్ వాళ్ళంతా గుర్రాల మీద బారులు తీరి ఉన్నారు. ప్రెతాష్ గడప మీద నిలబడి మొదలుపెట్టాడు. లేశ్ దగ్గరికొచ్చేసరికి వెక్కిరించినవాళ్ళు కూడా చెవులు రిక్కించారు. ఆయన ఆగలేదు. "నిప్పింటి ప్రొగోన్" అన్నాడు, కొండకి తగిలి తిరిగొచ్చేంత గట్టిగా.

ఆ మాటకి దగ్గు వచ్చింది గాని, అది ప్రెతాష్‌ది కాదు. ముసుగేసుకున్న లూలె చెయ్యి పట్టుకుని నిలబడ్డ ద్రానెది. ఆవిడ గొంతు పూడుకుపోయింది. దగ్గుతూనే ఉంది.

"ఏమైందవ్వా?" అని గుసగుసగా అడిగింది లూలె.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ద్రానె ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయింది.