కొసరి వడ్డించే చెయ్యి

ఆ ప్లాస్టిక్ చెయ్యిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. బట్టల షాపులో బొమ్మకు ఉండే చెయ్యి అది, మోచేతి దాకా ఉంటుంది. దాన్నొక పొడవాటి కర్రకు కట్టి, పాత చొక్కా చెయ్యి తొడిగి, ఆఫీసు గదిలో తలుపు వెనక నిలబెట్టేవారు. దిక్కులేని కుక్కల్ని తెచ్చి, మందూ మాకూ చూసి, కావాలన్నవాళ్ళకు పెంచుకోమని ఇచ్చే షెల్టరు మాది. నేను అక్కడ వంటమనిషిని. పొద్దున్నే వెళ్ళి అరవై కుక్కలకు అన్నం, గుమ్మడికాయ, మాంసం ముక్కలు కలిపి వండుతాను.

ఏ కుక్కనైనా ఇంటికి పంపేముందు దానికొక పరీక్ష ఉండేది. గిన్నెలో అన్నం పెట్టి, అది తినడం మొదలుపెట్టాక, కటకటాల్లోంచి ఆ చెయ్యిని దూర్చి గిన్నెను లాగుతారు. ఊరుకుంటే పాస్. మీద పడితే ఫెయిల్. మూడుసార్లు ఫెయిలైతే దాని గది తలుపుకు ఎర్ర చీటీ అంటించి వెనక వరసకు మార్చేస్తారు. పెంచుకోవడానికి వచ్చినవాళ్ళను వెనక వరస వైపు పంపరు. అంటే ఇక ఆ జన్మకు అది ఇంటి గడప తొక్కదన్నమాట. అన్నం తింటుంటే కంచం లాగితే ఎవరు ఊరుకుంటారండీ? నేనైతే ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెట్టేదాన్ని.

ఈ మాట మా సూపరింటెండెంటుగారితో చాలాసార్లు అన్నాను. ఆయన మంచివారే, కానీ రూలంటే రూలు. "వంటమ్మగారూ, తీసుకెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో చిన్నపిల్లలుంటారు. రేపు ఏ పసిపిల్లో వెళ్ళి గిన్నెలో చెయ్యి పెడితే?" అనేవారు. అదీ నిజమే. నిజం కాబట్టే నాకు ఇంకా మంట.

వానాకాలంలో ఒక ఆడకుక్కను తెచ్చారు. బజారులో చెత్తకుప్ప దగ్గర దొరికిందట. గోధుమరంగు, ఒక చెవి సగమే ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వచ్చిన రోజు నుంచీ ఒకటే అరుపు. గిన్నె పెడితే గోడవైపు తిరిగి, ఒళ్ళంతా గిన్నె చుట్టూ వంచి, గుర్రుమంటూనే మింగేది. నమలడమన్న మాటే లేదు. నేను దానికి గయ్యాళి అని పేరు పెట్టాను. ఎవరైనా అడిగితే, అరుస్తుంది కదా అందుకే అనేదాన్ని. అసలు సంగతి వేరు. ఆ వారమే మా అత్తగారితో నాకు పెద్ద గొడవైంది.

మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తగారూ. ఇద్దరం ఉప్పూ నిప్పూ. ఆవిడ మాటలతో వేగడం ఒక ఎత్తు, ఆవిడ వడ్డనతో వేగడం ఒక ఎత్తు. చాలంటే వినదు. చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే పోస్తుంది. "ఇంకొంచెం, ఇంకొక్క ముద్ద" అంటూ కొసరి కొసరి వేస్తుంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఒక్కపూటైనా నాకు కావలసినంత తిని లేచింది లేదు. ఆ వారం గొడవ కూడా దాని గురించే. "నా కంచం మీద మీ పెత్తనమేంటి అత్తయ్యా?" అని గరిట లాక్కుని విసిరికొట్టాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

మూడోరోజు నేను క్యారేజీ మరిచిపోయి పనికి వచ్చేశాను. మధ్యాహ్నం చూద్దును కదా, ఆవిడ బస్సెక్కి క్యారేజీ పట్టుకుని దిగింది. మాటలు మానేసినా తిండి పెట్టడం మానదు! సరిగ్గా అప్పుడే గయ్యాళికి రెండో పరీక్ష జరుగుతోంది. చెయ్యి లోపలికి పోవడం, అది ఎగిరి పట్టుకోవడం, ప్లాస్టిక్ వేళ్ళు రెండు ఊడి కింద పడటం, అన్నీ ఆవిడ కళ్ళారా చూసింది. సూపరింటెండెంటుగారు "రెండు" అని కాగితంమీద రాసుకుని వెళ్ళిపోయారు.

"దీని పేరేంటే?" అంది అత్తగారు.

మెల్లిగా చెప్పాను, "గయ్యాళి."

"ఎవర్ని తలుచుకుని పెట్టావో నాకు తెలుసులే." కోపంగా అనలేదు. ఆవిడ చూపంతా కుక్కమీదే ఉంది. అది మళ్ళీ గోడవైపు తిరిగి ఆదరాబాదరాగా మింగుతోంది. "దీన్ని మనింటికి తీసుకెళ్దాం," అంది.

"అమ్మో! ఇంట్లో ఒకరు చాలరా?" నోరు జారాను.

ఆవిడ అది పట్టించుకోనేలేదు. "మా అమ్మ పోయాక నన్ను మా పిన్ని ఇంట్లో పెట్టారే. తింటుంటే కంచం లాగేసేవాళ్ళు. ఒకరోజు పిన్ని, ఒకరోజు ఆవిడ పిల్లలు. ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాను. అప్పుడు నేనూ ఇలాగే గోడకేసి తిరిగి తినేదాన్ని. ఇలాగే చుట్టూ చెయ్యి వేసుకుని."

తినేదాన్ని ఏమిటి, ఇప్పటికీ అంతే కదా! ఇరవై రెండేళ్ళుగా ఆవిడ వంటింట్లో గోడవైపు తిరిగి, ఎడమచెయ్యి కంచం చుట్టూ వేసుకునే తింటోంది. రోజూ చూస్తున్నాను. అదేదో మొండి అలవాటనుకున్నానే తప్ప, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. నాకు సిగ్గేసింది. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆవిడ తిన్నగా ఆఫీసు గదిలోకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. సూపరింటెండెంటుగారు అప్పుడే డబ్బా విప్పుకుని అన్నం తింటున్నారు.

"బాబూ, ఆ కుక్కను మేం పెంచుకుంటాం."

"కుదరదండీ పెద్దమ్మగారూ, అది కరుస్తుంది. ఇంకొక్క పరీక్ష మిగిలింది. అదీ పోతే ఎర్ర చీటీయే."

"తింటుంటే లాగితే కరవదా మరి?"

"మంచి కుక్క కరవదండీ."

ఆవిడ తలుపు వెనకున్న మూడు వేళ్ళ చెయ్యిని తీసింది, కర్ర చాచింది, ఆయన ముందున్న డబ్బాను గబుక్కున లాగింది.

"ఏయ్!" అని అరిచారాయన, నోట్లో ముద్దతోనే. రెండు చేతులా డబ్బా పట్టుకుని గుండెకు హత్తుకున్నారు. మెతుకులు ఫైళ్ళమీద పడ్డాయి.

"మీరు మంచివారే కదా బాబూ," అంది అత్తగారు. "అయినా మొరిగారు."

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన ముఖం కందగడ్డలా అయింది. తర్వాత తన చేతుల్లోని డబ్బాను చూసుకుని, ఏమనుకున్నారో, ఫక్కున నవ్వేశారు. కానీ రూలు మాత్రం వదల్లేదు. "పదిహేను రోజులు టైమిస్తాను. ఏం నేర్పించుకుంటారో నేర్పించుకోండి. పదహారో రోజు పరీక్ష. పళ్ళు తగిలాయంటే నేనే నా చేతుల్తో చీటీ అంటిస్తాను. అప్పుడు నన్నేమీ అనకూడదు."

మర్నాటి నుంచి ఆవిడ రోజూ నాతోపాటే బస్సెక్కేది. చంకలో చిన్న పీట, చేతిలో మా ఇంటి గరిట. ఫోన్లో ఈ సంగతి చెబితే మా ఆయన నమ్మలేదు. "ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారా? బస్సు క్షేమమేనా?" అన్నాడు. కుక్కలకు మన గరిటేంటని నేను గొణిగితే ఆవిడ "నువ్వు నోర్మూసుకుని వండు" అనేది.

గయ్యాళి గిన్నెలో ముందు సగమే పెట్టించేది. అది తింటుంటే దూరంగా పీట వేసుకుని, ఒక మాంసం ముక్క గిన్నె పక్కన పడేలా విసిరేది. కాసేపాగి ఇంకొకటి. రోజుకో జానెడు చొప్పున పీట ముందుకు జరిపేది. దగ్గరికొచ్చే చెయ్యి తీసుకుపోవడానికి రాదు, వేసి పోవడానికి వస్తుంది. ఇంతే ఆవిడ చెప్పిన చదువు. "ఇంకొంచెం తల్లీ, ఇంకొక్క ముక్క" అని ఆవిడ అంటుంటే, ఇన్నేళ్ళూ నన్ను విసిగించిన ఆ మాటలకే నేను చేస్తున్న పని ఆపి నిలబడిపోయేదాన్ని.

ఆరోరోజుకు గుర్రు తగ్గింది. ఎనిమిదోరోజు గరిట నేరుగా గిన్నెలోకే వెళ్ళింది. తొమ్మిదోరోజు నేను కొంప ముంచాను.

గిన్నెలు కడిగే తొందరలో, తినడం అయిపోయిందనుకుని గయ్యాళి గిన్నె పట్టుకుని లాగాను. అడుగున ఇంకా నాలుగు మెతుకులున్నాయి. అది టక్కున నా మణికట్టు పట్టింది. పట్టి వెంటనే వదిలేసింది. తోలు కూడా లేవలేదు, పళ్ళ గుర్తులు మాత్రం పడ్డాయి. మూలకు పోయి వణుకుతూ కూర్చుంది.

"తప్పెవరిది?" అంది అత్తగారు.

"నాదే."

"అయితే నాకు కాదు, వెళ్ళి దానికి చెప్పు."

చెప్పాను. గిన్నె మళ్ళీ నింపి, కటకటాల పక్కన చతికిలబడి, నా చేత్తోనే ఒక్కొక్క ముక్కా వేస్తూ కూర్చున్నాను. అది మూల వదిలి రావడానికి గంట పట్టింది. తర్వాత సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళి, మణికట్టు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను దాచిపెడితే రేపు ఇంకెవరి పిల్లకో ఇదే జరగొచ్చు. ఆయన నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. "పట్టి వదిలేసిందంటే ఆలోచిస్తోందన్నమాట. పదహారో రోజే తేలుద్దాం," అన్నారు.

ఆ మర్నాటి నుంచి అత్తగారు పాఠం మార్చింది. గిన్నెను మెల్లిగా తనవైపు లాగేది, అందులో ఇంకో ముక్క వేసేది, తిరిగి ముందుకు తోసేది. లాగిన ప్రతిసారీ అన్నం పెరిగే వస్తోందని గయ్యాళికి అర్థమయ్యేదాకా అదే పని. ఆఖరి మూడు రోజులూ ఆ మూడు వేళ్ళ చెయ్యితోనే అలా చేసింది. పదిహేనో రోజు ఇంటికొచ్చాక ఆవిడ అన్నం ముట్టలేదు. "రేపు అది కరిస్తే, దాన్ని వెనక్కి తోసేస్తే, నేను చూడలేనే," అంది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

పదహారో రోజు ఊడ్చేవాళ్ళు, కాంపౌండరు, గేటు దగ్గరి వాచ్‌మన్, అందరూ గయ్యాళి గది ముందు చేరారు. సూపరింటెండెంటుగారు వచ్చారు. ఆయన చేతిలో కొత్త చెయ్యి! ఐదు వేళ్ళూ ఉన్నాయి, పైన నల్ల రబ్బరు తొడుగు.

"ఇదన్యాయం సార్!" అని అరిచాను. "దీన్ని అదెప్పుడూ చూడలేదు!"

"ఇంటికొచ్చేవాళ్ళ చేతులు మాత్రం చూసిందా వంటమ్మగారూ?"

నేను ఇంకా ఏదో అనబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

గిన్నె పెట్టారు. గయ్యాళి తినడం మొదలుపెట్టింది. నల్ల చెయ్యి కటకటాల్లోంచి దూరింది. గయ్యాళి మెడమీద వెంట్రుకలు లేచాయి. నములుతున్న నోరు ఆగింది. చెయ్యి గిన్నె అంచు పట్టుకుని లాగింది.

గయ్యాళి తలెత్తింది. ఒకడుగు వెనక్కి వేసింది. నల్ల చెయ్యిని చూసింది, కర్ర పట్టుకున్న సూపరింటెండెంటుగారిని చూసింది. కూర్చుంది. తోకతో నేలను ఒకసారి ఊడ్చింది, మళ్ళీ ఊడ్చింది. ఆయన ఏం వేస్తారా అని ఎదురుచూస్తోంది.

రూలు ప్రకారం ఒక్కో పరీక్షలో మూడుసార్లు లాగాలి. రెండోసారి లాగారు. కదల్లేదు. మూడోసారి లాగారు. అది ముందుకొచ్చి ఆ రబ్బరు వేళ్ళను నాకింది.

"పాస్!" అన్నారాయన.

నేను పెట్టిన కేకకు అరవై కుక్కలూ ఒక్కసారి అందుకున్నాయి. కాంపౌండరు ఈల వేశాడు. అత్తగారిని గట్టిగా వాటేసుకున్నాను. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆవిడ ఒక్క క్షణం నా భుజంమీద తల పెట్టి, అంతలోనే నన్ను విదిలించుకుని సూపరింటెండెంటుగారిమీద విరుచుకుపడింది.

"ఊరికే లాగి నిలబడతారేంటి బాబూ? అది అడుగుతోంది కదా, వేయండి!"

గరిట తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేశారు. "ఇంకొంచెం" అంది. ఇంకొంచెం వేశారు.

గరిట తిరిగిస్తూ ఆయన వెనక వరసవైపు చూశారు. అక్కడ పదకొండు ఎర్ర చీటీలున్నాయి. "పెద్దమ్మగారూ, మరి వాటికి కూడా..." అని నసిగారు. "ముందు నాకో మంచి కుర్చీ వేయించండి, ఈ పీటమీద నడుం పోతోంది," అంది అత్తగారు. ఆ పూటే కుర్చీ వచ్చింది. ఇప్పటికి తొమ్మిది చీటీలు చింపాం. తొమ్మిది కుక్కలూ ఇళ్ళకు చేరాయి. చింపే పని నాది, ఇంకెవరికీ ఇవ్వను. మిగిలిన రెండిట్లో ఒకటి మహా మొండిది. ఆవిడ మొండితనం ముందు దానిదెంత!

గయ్యాళిని ఇంటికి తెచ్చిన సాయంత్రం, పేరు మార్చేద్దాం అత్తయ్యా అన్నాను.

"ఎందుకే? ఇంట్లో ఇద్దరు గయ్యాళులుంటే తప్పేంటి?"

"ఇద్దరేంటి, ముగ్గురం," అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

అన్నానికి కూర్చున్నాం. గయ్యాళి వంటింటి మధ్యలో బైఠాయించి, తీరిగ్గా నములుతోంది. అత్తగారు మాత్రం ఎప్పటిలాగే గోడవైపు తిరిగి, ఎడమచెయ్యి కంచం చుట్టూ వేసుకుంది. నేను గరిట తీసుకెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. కంచంలో ఉన్నది ఇంకా అయిపోనేలేదు. పైన ఇంకో గరిటెడు వేశాను.

"చాలే, చాలు!" అంటూ ఎడమచెయ్యి తీసి అడ్డం పెట్టింది.

"నేను చాలంటే మీరెప్పుడైనా విన్నారా? ఇంకొంచెం అత్తయ్యా. ఇంకొక్క ముద్ద."

వేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ చెయ్యిని మళ్ళీ కంచం చుట్టూ వేసుకోలేదు. పీట మావైపు తిప్పుకుని కూర్చుని, నేను వేసిందంతా నెమ్మదిగా నమిలి తిన్నది.